చీటీ మీద నా చేతిరాత

పోయిన నవంబరు, గ్రంథాలయ వారోత్సవాల రోజులు. వ్యాసరచన పోటీకి వచ్చిన బడిపిల్లలు నలభై మంది కింద చాపల మీద కూర్చొని ఉన్నారు. కాగితాలు పంచాలి, మైకు పనిచేయడం లేదు, పేపర్లు చదవడానికి వచ్చే పెద్దవాళ్లు కుర్చీలు ఏవని అడుగుతున్నారు. మాది కడప జిల్లాలో ఒక శాఖా గ్రంథాలయం. ఉండేది నేనొక్కదాన్నే. ఆ సందట్లో ఒక డిగ్రీ పిల్లవాడు కౌంటర్ దగ్గరికొచ్చి, "మేడం, రాయలసీమ కరువు మీద వచ్చిన కథలు, కవిత్వం, ఆ పుస్తకాల పేర్లు కావాల. ప్రాజెక్టు రాయాల" అన్నాడు.

ఫోన్ తీసి ఏఐ యాప్‌ను అడిగాను. అర నిమిషంలో ఏడు పుస్తకాలు చెప్పింది. రచయిత పేరు, అచ్చయిన ఏడాది, వేసినవాళ్ల పేరు, అన్నీ ఉన్నాయి. చీటీ మీద నా చేత్తో రాసి, అలవాటు కొద్దీ అడుగున గ్రంథాలయం ముద్ర వేసి ఇచ్చాను.

ఐదు రోజుల తర్వాత మళ్లీ వచ్చాడు. ఆ చీటీ పట్టుకొని కడపకు పోయాడంట. బ్రౌన్ గ్రంథాలయంలో అడిగాడు, జిల్లా కేంద్ర గ్రంథాలయంలో అడిగాడు, పాత పుస్తకాల అంగళ్లు తిరిగాడు. ఏడింటిలో నాలుగు యాడా లేవు. అవి దొరకనివి కావు, అసలు ఎవరూ రాయనివి. రచయితలు మాత్రం నిజమైనవాళ్లే. వాళ్ల పేర్లకు లేని పుస్తకాలు అంటగట్టింది. మిగిలిన మూడింట్లో ఒకటి విద్వాన్ విశ్వం రాసిన 'పెన్నేటి పాట'. దాన్ని కూడా ఇంకో కవి పేరు మీద చెప్పింది, నేను అలాగే రాసిచ్చాను. అనంతపురం జిల్లాలో పుట్టిన కవి, సీమ కరువు మీద రాసిన కావ్యం. గ్రంథాలయంలో ఉద్యోగం చేస్తూ ఆ పేరు తప్పు రాసిచ్చానంటే ఎంత తొందరలో ఉన్నానో నాకే అర్థమైంది.

ఆ పిల్లవాడు కాలేజీ లేని రోజుల్లో పెయింటింగ్ పనికి పోతాడు. ఒక రోజు కూలి, రానుపోను బస్సు చార్జీ పోయింది. కోపం చేసుకోలేదు. "మీరు రాసిచ్చినారు కదా మేడం, అందుకే నేను మళ్లా చూసుకోలేదు" అన్నాడు.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

నా చీటీకి, వాడి ఫోన్‌కు తేడా

ఆ పిల్లవాడి చేతిలో కూడా అదే యాప్ ఉంది. నేను అడిగింది వాడే అడిగి ఉంటే, జవాబు వచ్చాక రెండు మూడు చోట్ల సరిచూసుకునేవాడు. ఏఐ తప్పులు చెబుతుందని ఈ కాలం పిల్లలకు బాగా తెలుసు. నేను రాసిచ్చాను కాబట్టి చూడడం మానేశాడు. యంత్రం చెప్పిన మాటకు ఉండాల్సిన అనుమానాన్ని నా చేతిరాత, ఆ ముద్ర తుడిచేశాయి.

గ్రంథాలయ సిబ్బంది ఏఐని ఎలా వాడాలన్న చర్చంతా నాకు ఇక్కడే మొదలవుతుంది. పాఠకుడు ఇంట్లో ఏమి అడుగుతాడో అది అతని ఇష్టం. మేము కౌంటర్ మీద నుంచి ఇచ్చేది మాత్రం చూసి ఇచ్చిందై ఉండాలి. చూడలేకపోతే చూడలేదని చెప్పి ఇవ్వాలి. అదీ కుదరకపోతే తెలియదని చెప్పాలి. ఏఐని వాడవద్దని నేను అనడం లేదు. అది చెప్పినదాన్ని మన మాటగా చెలామణి చేయకూడదంటున్నాను.

ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సుంకంగా కడుతున్నారు జనం. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం వచ్చే ఆ డబ్బు మా గ్రంథాలయాలకే వస్తుంది. ఆ పిల్లవాడి వాళ్లింటి పన్నులో కూడా ఆ పైసలు ఉన్నాయి. పన్ను కట్టి మరీ మా దగ్గరికి వచ్చేవాళ్లకు, ఊరికే దొరికే యాప్ చెప్పిన మాటనే ముద్రేసి ఇవ్వడం న్యాయం కాదు.

2025 మేలో అమెరికాలో షికాగో సన్-టైమ్స్ పత్రిక వేసవిలో చదవాల్సిన పుస్తకాల జాబితా ఒకటి అచ్చేసింది. 15 పేర్లలో 10 పుస్తకాలు లేనివే. ఏఐ ఇచ్చిన జాబితాను ఎవరూ చూడకుండా వేశారు. ఆ వార్త అప్పుడే చదివాను. చదివి, అంత పెద్ద పత్రికలో ఇట్లా ఎట్లా జరిగిందని ఆశ్చర్యపోయాను కూడా. ఆరు నెలలు తిరక్కముందే అదే పని నేను చేశాను. తప్పు చేసేవాళ్లందరికీ ముందే తెలిసి ఉంటుందేమో, ఆ నిమిషానికి తీరిక ఉండదు.

మన సంగతుల దగ్గరే ఎక్కువ తడబడుతుంది

ఇది ఎందుకు ఇట్లా కల్పిస్తుందో నాకు అర్థమైనంత చెబుతాను. చదివిన కోట్ల మాటల్లో ఏ మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో చూసి వాక్యం అల్లుతుంది. ఒక విషయం మీద ఎక్కువ రాతలు నెట్‌లో ఉంటే ఆ అల్లిక నిజానికి దగ్గరగా ఉంటుంది. తక్కువ ఉంటే, ఖాళీని కూడా అంతే నమ్మకంగా నింపేస్తుంది. గొంతు మారదు. షేక్‌స్పియర్ గురించి చెప్పినంత ధీమాగానే మా పక్కూరి గురించి కూడా చెబుతుంది.

నెట్‌లో తెలుగు తక్కువ, అందులో సీమ సంగతులు ఇంకా తక్కువ. మా గ్రంథాలయంలో ఉన్న పుస్తకాల పేర్లు యాక్సెషన్ రిజిస్టర్‌లో, అంటే వచ్చిన ప్రతి పుస్తకాన్నీ ఎక్కించే పుస్తకంలో, చేత్తో రాసి ఉన్నాయి. బయట ఏ కంప్యూటర్‌కూ అవి కనపడవు. చిన్న పత్రికల్లో వచ్చిన కథలు, రచయిత సొంత డబ్బుతో వేసుకున్న కవితా సంపుటాలు, స్థానిక చరిత్ర పుస్తకాలు మా బీరువాల్లోనే ఉన్నాయి. అంటే యంత్రానికి చేతకాని చోటే మా గ్రంథాలయం అవసరం. అక్కడ కూడా నేను యంత్రాన్నే అడిగితే ఇక నేనెందుకు?

జనవరిలో ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి వాళ్ల ఊరి పేరు ఎట్లా వచ్చిందో రాసుకొని వచ్చి చూపించింది. ఒక రాజు, ఒక వేట, ఒక మునీశ్వరుడు, చాలా బాగుంది కథ. ఎవరు చెప్పారంటే ఫోన్ చెప్పింది అంది. కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద కేతు విశ్వనాథరెడ్డి గారు డాక్టరేట్ పరిశోధనే చేశారు. ఊరి పేరు చివర పల్లె, పాడు, కుంట, గుంట అని ఎందుకు ఉంటాయో అందులో చూసుకోవచ్చు. మెకంజీ దొర సేకరించిన కైఫీయత్తుల్లో, అంటే ఊళ్ల స్థానిక చరిత్రల్లో, మన జిల్లావి అచ్చులో ఉన్నాయి. ఆ అమ్మాయిని రెండు రోజులు ఆగమని చెప్పి, పక్క గ్రంథాలయం నుంచి కైఫీయత్తుల సంపుటం తెప్పించాను. అందులోనూ కథే ఉంది. దేవుడు కలలో కనపడిన కథ. అయితే ఆ కథను రెండు వందల ఏళ్ల కిందట ఆ ప్రాంతపు మనుషులు చెప్పుకున్నారని మనకు తెలుసు. ఫోన్‌లోని రాజు కథ ఎవరూ ఎప్పుడూ చెప్పుకోలేదు. ఆ తేడా ఆ పిల్లకు పది నిమిషాల్లో అర్థమైంది. "ఇది మా ఊరోళ్లు చెప్పింది, అది ఎవురూ చెప్పంది" అని తన మాటల్లో చెప్పింది. నేనైతే ఇంత సులువుగా చెప్పలేకపోయేదాన్ని.

అయ్యవారి లెక్క

మా గ్రంథాలయానికి రోజూ ఒక రిటైరైన తెలుగు అయ్యవారు వస్తారు. చీటీ సంగతి ఆయనకు చెప్పాను. "దాన్ని లోపలికి రానీయొద్దమ్మా" అన్నారు. అంతకు ముందు ఆయన దగ్గర కూడా ఒక అనుభవం ఉంది. మనవరాలు పోటీలో చెప్పడానికి చెట్ల మీద వేమన పద్యం కావాలని ఫోన్‌ను అడిగిందంట. చివర 'విశ్వదాభిరామ వినురవేమ' అని పెట్టి చక్కగా ఒక పద్యం ఇచ్చింది. ఆయన వేళ్ల మీద గణాలు లెక్కపెట్టారు. ఆటవెలది మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు రావాలి. రెండో గణం దగ్గరే తప్పింది. యతి ఎక్కడా కుదరలేదు. ఏ పద్యమైనా ఆ మకుటం తగిలిస్తే వేమనది అయిపోతుందా అని ఆయన బాధ.

నేను ఆయన్ను ఒకటి అడిగాను. "వేమన పేరుతో మనం చదువుకున్నవన్నీ వేమనవేనా సార్?" ఆయన నిజాయితీ గల మనిషి. కొంచెంసేపు ఆగి, "కాదమ్మా. ఆ మకుటం పెట్టి ఎవరెవరో రాసినవి ఎన్నో కలిసిపోయినాయి" అన్నారు.

ఈ ప్రశ్నను నేను తేలిగ్గా దాటలేను. దొంగ పద్యం ఏఐతో పుట్టింది కాదు. పుస్తకాల్లోనూ తప్పులుంటాయి. పోటీ పరీక్షల గైడ్లలో ఉన్నన్ని తప్పులు ఎక్కడా ఉండవు. తొలి తెలుగు శాసనం మా జిల్లా కలమళ్లలోదే, రేనాటి చోళుల కాలంది, సుమారు క్రీ.శ. 575 నాటిది. గ్రూప్-2కు చదివే పిల్లలు దాని మీదే రెండు గైడ్లలో రెండు రకాల జవాబులు పట్టుకొని నా దగ్గరికి వస్తారు. మరి అన్నిచోట్లా తప్పులున్నప్పుడు ఏఐ మీద మాత్రం ఇంత పట్టింపు ఎందుకు?

నాకు దొరికిన జవాబు బ్రౌన్ దగ్గర ఉంది. 1820లో కడపకు వచ్చిన ఆ దొర వేమన పద్యాల కోసం ఊరూరా తాళపత్రాలు సేకరించాడు. ఒకే పద్యం ఒక్కో ప్రతిలో ఒక్కో రకంగా ఉంది. ఏదో ఒకదాన్ని పట్టుకొని అచ్చేసుకోవచ్చు. అట్లా చేయలేదు. సొంత డబ్బుతో పండితులను పెట్టుకొని, ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి పోల్చి చూపించుకున్నాడు. 1829లో వేమన పద్యాలు అచ్చయినాయి. ఇప్పుడు కడపలో ఆయన పేరుతో ఉన్న గ్రంథాలయం ఆయన బంగళా ఉన్న స్థలంలోనే ఉంది. నా చీటీ పట్టుకొని ఆ పిల్లవాడు లేని పుస్తకాల కోసం పోయింది అక్కడికే. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

పుస్తకంలో తప్పుంటే దాన్ని పట్టుకోవడానికి ఒక దారి ఉంటుంది. రాసినవాడెవరు, ఏ ఏట రాశాడు, ఏ ప్రతి చూసి రాశాడు అని అడగొచ్చు. ఇంకో పుస్తకం పక్కన పెట్టొచ్చు. ఏఐ జవాబు ఏ ప్రతిలోది? ఈరోజు ఒకటి చెబుతుంది, రేపు అదే ప్రశ్నకు ఇంకొకటి చెబుతుంది. దాని పక్కన ప్రతి పెట్టి పోల్చే పండితుడు లేనప్పుడు ఆ పని నేనే చేయాలి. అందుకని అయ్యవారి మాట సగమే ఒప్పుకున్నాను. రానీయొద్దని కాదు, పోల్చకుండా బయటికి పోనీయొద్దని.

ఉర్దూ బీరువా

రానీయొద్దంటే నేను ఒప్పుకోకపోవడానికి ఇంకో కారణం మా ఉర్దూ బీరువా. మా ఊళ్లో ఉర్దూ చదివేవాళ్లు చాలామంది ఉన్నారు. పుస్తకాలు కూడా ఉన్నాయి, రెండు అరల నిండా. నాకు ఆ లిపి రాదు. నాకంటే ముందు పనిచేసిన ఇద్దరికీ రాదు. అందుకని ఏళ్ల తరబడి రిజిస్టర్‌లో 'ఉర్దూ పుస్తకం' అని మాత్రమే రాసి ఉంది, పేరు లేకుండా. ఎవరైనా వచ్చి ఫలానా పుస్తకం ఉందా అని అడిగితే, బీరువా చూపించి వెతుక్కోమనడమే.

ఈ వేసవిలో ఒక్కో పుస్తకం ముఖపత్రం ఫోన్‌తో ఫోటో తీసి, పేరు తెలుగు లిపిలో రాసిమ్మని ఏఐని అడిగాను. చాలావరకు ఇచ్చింది. ఆ పేర్లు తెల్లకాగితం మీద రాసుకొని, రోజూ ఉర్దూ పేపర్ కోసం వచ్చే ఒక టైలర్ మామూకు చూపించాను. ఆయన పుస్తకం చేతిలో పట్టుకొని ఒక్కొక్కటి సరిచేశారు. కొన్నిచోట్ల అచ్చేసినవాళ్ల పేరును రచయితగా రాసింది. ఒకచోట కవి బిరుదును పుస్తకం పేరనుకుంది. రెండు నెలల్లో రెండు అరలూ పూర్తయినాయి. రిజిస్టర్‌లో 'సరిచూసినది' అని పెట్టి, ఆయన ఒప్పుకున్న తర్వాత ఆయన పేరు కూడా రాశాను.

ఏఐ లేకపోతే నేను ఆ పని మొదలుపెట్టేదాన్నే కాదు. మామూ లేకపోతే తప్పులతో ముగించేదాన్ని. ఇప్పుడు ఆడవాళ్లు కొందరు వచ్చి పేరు చెప్పి మరీ పుస్తకం అడుగుతున్నారు. ఇన్నేళ్లు వాళ్ల పుస్తకాలు వాళ్లకు కనపడకుండా ఉన్నాయంటే అది మా తప్పు. ఆ తప్పు కొంతైనా తీరింది.

ఇట్లాంటి పనులు ఇంకా ఉన్నాయి. పై ఆఫీసు నుంచి వచ్చే ఇంగ్లీషు జీవోల సారాంశం, ఇంగ్లీషులో రాయాల్సిన ఉత్తరాలు, చూపు ఆనని పెద్దాయనకు వ్యాసం చదివి వినిపించడం. వీటికి నేను వాడుతూనే ఉన్నాను. పాత పుస్తకాల పేజీలు ఫోటో తీసి టైపు చేయించాలని కూడా చూశాను. వలపలగిలక, అరసున్న, బండి ఱ లాంటి పాత గుర్తులు, అక్షరాలు వచ్చిన ప్రతిచోటా ఏదో ఒకటి రాసేసింది. దాన్ని దిద్దేకంటే నేనే కూర్చొని టైపు చేయడం నయమనిపించి ఆపేశాను.

రిజిస్టర్‌లోని పేర్లు

పాఠకులకు ఇచ్చేదాని గురించే ఇంతవరకూ రాశాను. యంత్రానికి మనం ఇచ్చేది ఇంకో సంగతి. దీని గురించి మా వాళ్లు ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు.

నెలాఖరున ఎంతమంది వచ్చారు, ఎన్ని పుస్తకాలు ఇచ్చామన్న లెక్క పంపాలి. ఒక మీటింగ్‌లో తోటి ఉద్యోగి ఒకరు, రిజిస్టర్ పేజీలు ఫోటో తీసి ఏఐకి ఇస్తే అదే కూడి పెడుతుందని చెప్పారు. మంచి ఉద్దేశంతోనే చెప్పారు. నాకు కూడా ఆశ పుట్టింది, ఎందుకంటే ఆ కూడికలకు నాకు రెండు పూటలు పడుతుంది. ఇంటికొచ్చి ఆలోచిస్తే టెన్షన్ మొదలైంది.

ఆ పేజీల్లో పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు, ఏ పుస్తకం తీసుకున్నారో అన్నీ ఉంటాయి. మా దగ్గరికి ఒకామె వస్తుంది. గృహహింస చట్టం మీద ఉన్న చిన్న పుస్తకం తీసుకొని, మూల బల్ల దగ్గర కూర్చొని చదివి, అక్కడే పెట్టి పోతుంది. ఇంటికి తీసుకుపోదు. ఎందుకో నేను అడగలేదు. ఒకరోజు ధైర్యం చేసి తీసుకుపోతే ఆమె పేరు పక్కన ఆ పుస్తకం పేరు రిజిస్టర్‌లో ఎక్కుతుంది. ఆ పేజీని ఎక్కడో ఉన్న ఒక కంపెనీ యంత్రానికి పంపే హక్కు నాకు ఎవరిచ్చారు? అది అక్కడ ఎన్నాళ్లు ఉంటుందో, దేనికి వాడతారో నేను ఆమెకు చెప్పగలనా?

2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. మా సభ్యుల్లో బడిపిల్లలు చాలామంది. చట్టం లేకపోయినా నేను పంపను. ఇప్పుడు రోజువారీ అంకెలు మాత్రం వేరే కాగితం మీద రాసుకుంటాను. పేర్లు లేని ఆ అంకెలను కావాలంటే ఏ యంత్రానికైనా ఇవ్వొచ్చు. రెండు పూటల పని ఒక పూటకు తగ్గింది. అది చాలు.

సమయం ఎవరిది

నా మాటకు ఎదురు చెప్పేవాళ్లు ఎక్కువగా మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడనే రంగనాథన్ గారిని తీసుకొస్తారు. 1931లో ఆయన చెప్పిన ఐదు సూత్రాల్లో నాలుగోది, పాఠకుడి సమయం ఆదా చెయ్యి అని. అర నిమిషంలో జవాబు వస్తుంటే బీరువాల చుట్టూ తిరగడం ఏమిటంటారు. మాలాగా ఒక్క మనిషితో నడిచే చోట ప్రతి జవాబూ సరిచూసి ఇవ్వడం అయ్యే పని కాదంటారు.

రెండో మాటలో నిజం ఉంది. పరీక్షల నోటిఫికేషన్ వచ్చిన వారం కూర్చోవడానికి కుర్చీలుండవు. ఆ రోజుల్లో ప్రతి ప్రశ్నకూ లేచి బీరువా దాకా పోలేను. మొదటి మాట మాత్రం నేను ఒప్పుకోను. ఆ రోజు నేను ఆదా చేసింది నా పది నిమిషాలు. ఆ పది నిమిషాలకు ఆ పిల్లవాడు ఒక రోజంతా కట్టాడు.

ఇంకా బాధపెట్టే సంగతి, అతను తిరిగి వచ్చిన రోజు ఇద్దరం కలిసి తెలుగు సాహిత్యం ర్యాక్ దగ్గరికి పోయాం. 894.827 నంబరు వేసి ఉన్న పుస్తకాల్లో అరగంట వెతికితే, అతని ప్రాజెక్టుకు పనికొచ్చే సీమ కథల సంకలనాలు మూడు దొరికాయి. ఒకదాని వెనక అట్టకు అంటించిన తేదీల చీటీ చూశాను. ఎవరూ ఇంటికి తీసుకుపోయి పదేళ్లు దాటింది. అతను కడపకు బస్సెక్కిన రోజు కూడా అది నా కుర్చీకి పది అడుగుల దూరంలోనే ఉంది.

సరిచూసే తీరిక లేనప్పుడు ఏం చేయాలో నా మటుకు నేను ఒకటి పెట్టుకున్నాను. రాసిచ్చే చీటీలో ప్రతి పేరు పక్కన 'చూశాను' అనో, 'చూడలేదు, ఫోన్‌లో వచ్చింది' అనో రాస్తాను. 'చూడలేదు' అని ఉన్న చీటీకి ముద్ర వేయను. మొదట్లో పాఠకులు చులకన చేస్తారేమోనని భయపడ్డాను. ఒకరిద్దరు, ఇంతోటిదానికి గ్రంథాలయం దాకా రావాలా అన్నారు కూడా. ఎక్కువమంది మాత్రం ఆ రెండో రకం పేర్లు చూసి, "ఇవి ఎట్లా చూసుకోవాల మేడం?" అని అడుగుతున్నారు. అప్పుడు కేటలాగు ఎట్లా చూడాలో, పుస్తకం లోపలి పేజీలో ఏమేమి చదవాలో చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో చేసిన పని అది. మధ్యలో ఎప్పుడు మానేశానో గుర్తు లేదు.

ఇది నా ఒక్కదాని పద్ధతిగా ఉండిపోకూడదని నా కోరిక. జిల్లాకు ఒక రెండు పేజీల సూచనలైనా తెలుగులో రావాలి. ఏవి అడగొచ్చు, పాఠకుల వివరాల్లో ఏవి బయటికి పంపకూడదు, సరిచూడని జవాబు మీద ముద్ర వేయొచ్చా, ఈ మూడూ రాస్తే చాలు. ఒక పూట శిక్షణ పెట్టి, ఆ పూట మన ప్రాంతపు ప్రశ్నలే పది అడిగించి, వచ్చిన జవాబులను బీరువాలోని పుస్తకాలతో పోల్చి చూపిస్తే, ఇంత పెద్ద వ్యాసం రాయాల్సిన పని ఉండదు. పై ఆఫీసుకు ఉత్తరం రాశాను. జవాబు ఇంకా రాలేదు.

ఆ పిల్లవాడు ప్రాజెక్టు పూర్తి చేశాడు. మూడు పుస్తకాలూ తిరిగి ఇచ్చేటప్పుడు పాత చీటీ కూడా తీసి కౌంటర్ మీద పెట్టాడు. నాలుగు పేర్ల మీద పెన్సిల్‌తో గీతలు కొట్టి ఉన్నాయి. "ఇది మీ దగ్గరే పెట్టుకోండి మేడం" అన్నాడు. టేబుల్ మీద అద్దం కింద, నాకు కనపడేటట్టు పెట్టుకున్నాను.